ఒకరు చదివితే ఒకరు కొట్టిన ప్రోగ్రాం

మొన్న ఆదివారం మా భవానీపురం ఇంట్లో డైనింగ్ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని మా అమ్మాయి కాలేజీ పని ఏదో చేసుకుంటుంటే, పెసరట్టు పళ్ళెం పక్కన పెడుతూ తెర వంక చూశాను. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్ల. చెవుల్లో ఏవో పెట్టుకుంది, పెదవి కదపదు, ఒక లైను కొట్టగానే తక్కిన నాలుగు లైన్లూ మిషనే బూడిద రంగులో రాసి చూపిస్తోంది, ఇది సరేనంటే అవి రంగు తేలి కుదురుగా కూర్చుంటున్నాయి. ఏమిటే అది అంటే, స్టూడెంట్ క్లాసమ్మా, మొదటి ల్యాబు ప్రోగ్రాం, మీ రోజుల్లో కూడా ఇదే ఉండేదా అని అడిగింది. ఉండేది అని ముక్తసరిగా చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. దానికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను, నా ఈడువాళ్ళకైతే ఎక్కువ వివరించనక్కర్లేదని.

మా రోజుల్లో పెద్దవాళ్ళ దృష్టిలో కంప్యూటరంటే కొంచెం ఖరీదైన టైపు మిషను, అంతే. ఇంటర్ పరీక్షలయ్యాక పిల్ల ఖాళీగా కూర్చోకూడదని మా నాన్నగారు నన్ను మా సందు చివర టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. ఎండాకాలం పొద్దున్నే ఆరింటికి, పది పన్నెండు మిషన్లు ఒకేసారి టకటకలాడే ఆ గదిలో, ముందున్న కాగితం మీద ఏముందో బుర్రకి తెలియనివ్వకుండా కళ్ళనుంచి తిన్నగా వేళ్ళకి పంపించే విద్య నేర్చుకున్నాను. అర్థం గురించి ఆలోచిస్తే స్పీడు పడిపోతుందని మా మాస్టారు మొదటి రోజే చెప్పారు. నేను ఆయన మాట అక్షరాలా పాటించి లోయరు పరీక్ష ఫస్టు క్లాసులో పాసయ్యాను, ఇక దీనికి కంప్యూటరు సగం వచ్చేసినట్టే అని మా నాన్నగారు చుట్టాలందరికీ చెప్పుకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

డిగ్రీలో కంప్యూటర్ గ్రూపులో చేరాక ల్యాబులో నా పక్క రోల్ నెంబరు అమ్మాయి ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేది. చెరుకు రైతు బిడ్డ, పదో తరగతి దాకా తెలుగు మీడియం, మొదటి నెలంతా నన్ను అండీ అనే పిలిచింది. వాళ్ళ నాన్నగారు కెమిస్ట్రీ గ్రూపు తీసుకోమన్నారట, ఊళ్ళో షుగర్ ఫ్యాక్టరీ ఉంది కనక దాని ల్యాబులో ఉద్యోగానికి పనికొస్తుందని. ఈ పిల్ల పట్టుబట్టి కంప్యూటర్లలో చేరింది. ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు, ఏ పరీక్షా తప్పకూడదు, ఒక్కటి తప్పినా మరుసటి ఏడాది కెమిస్ట్రీలోకి మారాల్సిందే. ఈ సంగతి ఆమె నాకు చేరిన కొత్తలోనే చెప్పింది. తెలియదని నేను తప్పించుకోవడానికి లేదు.

ఆ ల్యాబంటే గుడి కన్నా ఎక్కువ మడి. చెప్పులు బయట విప్పాలి, తలుపు వెంటనే మూయాలి, మనుషుల కోసం కాదు గానీ మిషన్ల కోసం ఏసీ ఉండేది, మే నెల బెజవాడ ఎండలో అందులోకి వెళ్ళడమే ఒక సుఖం. ఇరవై మిషన్లు, నలభై మందిమి, మిషనుకి ఇద్దరు. అందుకని మా కాలేజీలో ఒక పద్ధతి పడిపోయింది. ఒకరు సీనియర్ల దగ్గర తెచ్చుకున్న రికార్డు పుస్తకం చూసి ప్రోగ్రాం పైకి చదవాలి, రెండోవాళ్ళు కొట్టాలి. లోయరు పాసైనదాన్ని నేనుండగా కీబోర్డు ఇంకొకరి చేతికి ఎందుకిస్తాను? ఆమె చదివేది, నేను కొట్టేదాన్ని. క్లాస్ స్టూడెంట్, ఫ్లవర్ బ్రాకెట్ ఓపెన్, ప్రైవేట్, కోలన్, అంటూ పద్యం చెప్పినట్టు చెప్పేది. క్లాసు ముగిసిన చోట బ్రాకెట్ మూశాక సెమికోలన్ పెట్టడం నేను ప్రతిసారీ మరిచేదాన్ని, దాంతో ఆ నీలం తెర నిండా తప్పులు వచ్చిపడేవి. అందుకని ఆమె అక్కడికి రాగానే సెమికోలన్, మర్చిపోకే అని జోడించి చదవడం అలవాటు చేసుకుంది. అప్పటికి అండీలు పోయి ఏమేలోకి వచ్చాం.

అందరికన్నా ముందు అవుట్‌పుట్ మాకే వచ్చేది. ల్యాబు మేడం వచ్చి నా చేతుల్ని మెచ్చుకునేది. నేను మురిసిపోయేదాన్ని, పక్కనున్నామె కూడా నాతోపాటు మురిసిపోయేది.

ఈ క్లాసేమిటో, ఆబ్జెక్టేమిటో మా సారు బోర్డు మీద ఎన్ని డబ్బాలు గీసినా నా తలకెక్కలేదు. ఒకరోజు బస్టాపులో నిలబడి ఆమే చెప్పింది. చెరుకు కొట్టమని ఫ్యాక్టరీ రైతులకిచ్చే కటింగ్ ఆర్డరు ఉంటుంది కదా, అచ్చేసిన ఖాళీ ఫారం క్లాసు, మా నాన్న పేరూ పొలం వివరాలూ నింపి చేతికిచ్చింది ఆబ్జెక్టు, ఫారం ఒకటే, కాగితాలు ఎందరు రైతులుంటే అన్ని. మరి ప్రైవేటంటే ఏమిటన్నాను. కాటా గదిలోకి మనల్ని పోనివ్వరు కదే, కిటికీ దగ్గర అడిగితే బరువెంతో వాళ్ళే చెబుతారు, అదీ అంది. ఆహా అన్నాను. బస్సొచ్చింది, ఆమె ఎక్కేసింది, నేను ఇంటికొచ్చి మరిచిపోయాను. టైపు మాస్టారి శిష్యురాలిని, అర్థంతో నాకేం పని?

ఏడాదిలో ఒక్కసారంటే ఒక్కసారి ఆమె నన్ను అడిగింది.

"ఇవాళ నేనోసారి కొట్టి చూస్తానే."

"టైమెక్కడుందే? వచ్చేవారం కొడుదువుగానిలే."

ఆ వచ్చేవారం రాలేదు. వచ్చినా నేను గుర్తుచెయ్యలేదు, ఆమె మళ్ళీ అడగలేదు.

ఏడాది చివర ల్యాబు పరీక్ష రోజు సగం సగం మందిని లోపలికి పిలిచి, మిషనుకి ఒక్కరినే కూర్చోబెట్టారు. పక్క నెంబర్లం కనక పక్కపక్క మిషన్లే. రికార్డులో ఉన్నవి పన్నెండు ప్రోగ్రాములు, పన్నెండు చీటీల మీద నెంబర్లు వేసి తియ్యమన్నారు, తీసినవాళ్ళు మళ్ళీ డబ్బాలో వెయ్యాలి కాబట్టి ఒకే నెంబరు ఇద్దరికి రావడం మామూలే. మా ఇద్దరికీ స్టూడెంట్ క్లాసే వచ్చింది. గంట టైము. నేను ధీమాగా వేళ్ళు కీబోర్డు మీద పెట్టాను, మొదటి రెండు లైన్లు పడ్డాయి, ఆపైన వేళ్ళు కదల్లేదు. ఎదురుగా కాగితం లేదు, పక్కన గొంతు లేదు. ఏడాదంతా వారం వారం కొట్టిన ప్రోగ్రాములో మూడో లైను ఏమిటో నాకు తెలియదు. ఏసీలో కూర్చుని చెమటలు పట్టడం ఎలా ఉంటుందో ఆవేళ తెలిసింది.

అటుపక్క ఆమె ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఒంటివేలితో కొడుతోంది. కాసేపటికి ఆమె గొంతు సన్నగా వినిపించడం మొదలైంది. ప్రైవేట్, కోలన్. ఆ మూల ప్రింటరు పెడుతున్న రొదలో మాకిద్దరికీ తప్ప ఎవరికీ వినపడదు, పైగా పెదవులు కదపకుండా ఆ పిల్ల చదవలేదని మేడంకి ముందే తెలుసు. నా వేళ్ళకి ప్రాణం లేచొచ్చింది. ఆమె చెబుతూ పోయింది, నేను కొడుతూ పోయాను. ఫ్లవర్ బ్రాకెట్ క్లోజ్, సెమికోలన్, మర్చిపోకే. పెట్టాను. అరగంటలో ప్రోగ్రాం నడిచింది, మార్కులు తెర మీద పడ్డాయి, బయటినుంచి వచ్చిన ఎగ్జామినరుగారు చూసి బాగుందమ్మా అని ఒక చిన్న ప్రశ్నతో వదిలేశారు.

లేచి ఆమె వెనకనుంచి వస్తూ తెర చూశాను. పదకొండో లైను దగ్గర ఆగి ఉంది. ప్రోగ్రాం మొత్తం ముప్ఫై ఎనిమిది లైన్లు, చివరి బ్రాకెట్ దాకా చదివింది, నేను విన్నాను, కొట్టాను. ఎవరికి వాళ్ళు గొణుక్కునేవాళ్ళు మర్చిపోకే అనుకోరు కదా. నాకు అప్పుడు సిగ్గేసింది, అయినా ఆగకుండా నడిచి బయటికొచ్చి చెప్పులేసుకున్నాను.

మిగిలిన అరగంటలో ఆమె ఒంటివేలు ఇరవయ్యో లైను దాకా వెళ్ళిందట. అవుట్‌పుట్ రానివాళ్ళని ఎగ్జామినరుగారు ప్రశ్నలు అడగలేదు, అదీ పద్ధతే. అడిగి ఉంటే ఆ గదిలో అందరికన్నా బాగా చెప్పేది ఆమే. ల్యాబు తప్పింది. మరుసటి ఏడాది కెమిస్ట్రీలోకి, వేరే కాలేజీలోకి మారిపోయింది. వెళ్ళేముందు ఒకసారి వచ్చి, నువ్వు పాసవుతావని నాకు తెలుసే అని నవ్వింది. నేను చిరునామా కూడా అడగలేదు. పాతికేళ్ళుగా బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో ఆ చదువు పెట్టిన కూడే తింటున్నాను. క్లాసంటే ఏమిటో ఉద్యోగంలో చేరాక మెల్లగా అర్థమైంది, అర్థమైనప్పుడల్లా చెరుకు ఫారమే కళ్ళముందుకొచ్చింది. బందరు వెళ్ళే బస్సు ఉయ్యూరులో ఆగుతుంది, ఎన్నిసార్లు వెళ్ళినా ఒక్కసారీ దిగలేదు.

ఇప్పుడు ఎవరి మిషను వాళ్ళది, ఒకరు చదవనక్కర్లేదు, ఒకరు కొట్టనక్కర్లేదు, పక్కవాళ్ళ బదులు మిషనే అందిస్తోంది, మంచిదే, ఎవరి చదువూ ఎవరి చేతుల్లోనూ చిక్కుకోదు. కీబోర్డులకి మాత్రం చప్పుడు లేకుండా పోయింది, పక్కన ఎవరి చేతులు ఆగిపోయినా తెలియదు. ఆవేళ నా టకటక ఆగిపోవడం విని ఆమె గొంతెత్తింది. నాకోసం తన చేతులు ఆపేసుకుందన్నది మాత్రం, అంత చప్పుడున్న రోజుల్లోనే, రెండడుగుల దూరంలో కూర్చుని కూడా నాకు వినపడలేదు.