నాలుగో గదికి అయిదింటి టీ

సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్లు ఆ ఊళ్లో ఎందుకు దిగుతారో తాళాలమ్మకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ఊరికీ సముద్రానికీ మధ్య యాభై నిమిషాల బస్సు ప్రయాణం, అందులో సగం అడవి. ఊళ్లో ఉన్నదల్లా ఒక నది, ఒక రేవు, ఒకటే వీధి, వీధి చివర ఆమె ఆరు గదుల లాడ్జి. పోగా పోగా తెలిసింది. ఒడ్డునున్న హోటళ్లలో జనం, గోల, గది దొరకడమే గగనం. ఇక్కడైతే చెట్లు, నీళ్ల చప్పుడు, కంటినిండా నిద్ర. పగలు సముద్రం, రాత్రికి ఈ ఊరు. తెలివైన ఏర్పాటే, కాదనలేం. కాకపోతే ప్రశాంతత కావాలని అంత దూరం నుంచి వచ్చి, తెల్లారగానే దాన్ని గదిలో పెట్టి తాళం వేసి, బస్సు పట్టుకుని పారిపోతారు. పగలంతా దానికి కాపలా తాళాలమ్మే.

నడుముకు ఆరు తాళంచెవుల గుత్తి ఎప్పుడూ వేలాడుతుండేది కాబట్టి ఊరు ఆమెకు ఆ పేరు పెట్టింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వినపడదు, కనపడదు. భర్త రేవులో లాంచీ నడిపేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. ఆయన చొక్కా ఒకటి ఇప్పటికీ మెట్ల కింది గదిలో కొక్కేనికి ఉంది, దాని పక్కనే చీపుళ్లు.

లాడ్జికి పెద్ద పేరేమీ లేదుగానీ, అయిదింటి టీకి మాత్రం పేరుంది. సముద్రానికి మొదటి బస్సు అయిదున్నరకు. అది తప్పితే తొమ్మిదికే. తొమ్మిది బస్సులో వెళ్లినవాడు మాడిపోయే ఇసకలో దిగి, ఎందుకొచ్చానురా అనుకుంటాడు. అందుకని రోజూ సరిగ్గా అయిదుకు తాళాలమ్మ టీ ఫ్లాస్కుతో బయల్దేరి, ఒక్కో తలుపు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, "అయిదైందండీ, లేవండి" అనేది. పద్దెనిమిదేళ్లలో ఒక్కనాడూ తప్పలేదు. జ్వరమొచ్చినా, భర్త పోయిన వారంలో కూడా.

వాళ్లంతా వెళ్లిపోయాక లాడ్జి బావురుమంటుంది. దుప్పట్లు దులుపుతుంది, ఇసక ఊడుస్తుంది. ఇసక ఎంతొస్తుందో చెప్పలేం, సముద్రాన్ని విడతలవారీగా ఇక్కడికి చేరేస్తున్నట్టే ఉంటుంది. మంచాల కింద మర్చిపోయిన వస్తువులు ఏరుతుంది. దువ్వెన, ఒంటి చెప్పు, కళ్లజోడు, సగం వాడిన సబ్బు. అన్నీ ఒక అట్టపెట్టెలో వేసి ఉంచుతుంది. మర్చిపోయినవాళ్లు వెనక్కి వస్తారేమోనని. ఇన్నేళ్లలో ఇద్దరొచ్చారు. పెట్టె మాత్రం మూడోది నడుస్తోంది.

ఆమెకు ఒంటరితనం ఉందా అని అడిగితే, ఆరు గదులు పెట్టుకుని ఒంటరితనమేంటి అని మనల్నే కసిరేది. ఉంది. కొండంత ఉంది. రోజూ పదిమంది నిద్రపోయే ఇంట్లో తనతో కూర్చుని ఒక కప్పు టీ తాగే మనిషి లేదు.

అలాంటి చోటికి ఆపరేటరమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, పెళ్లి చేసుకోలేదు, టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి రిటైరైంది. తమ్ముడింట్లో ఉంటోంది. ఉంటోందంటే, హాల్లో సోఫా మీద, అందరూ టీవీ కట్టేశాక. సముద్రం దగ్గర ఒక చిన్న వాటా చూసుకుని మిగిలిన కాలం అక్కడే గడపాలని ఆమె ఆలోచన. వాటా దొరికేదాకా పది రోజులు నాలుగో గది తీసుకుంది.

మొదటి రెండు రోజులూ అందరిలాగే మొదటి బస్సుకు వెళ్లింది. మూడో రోజు వెళ్లలేదు. వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సముద్రానికి వెళ్లరా మేడమ్‌గారూ?" అంది తాళాలమ్మ, అదేదో నేరమైనట్టు.

"అదెక్కడికి పోతుందమ్మా. నువ్వు కూర్చో. పొద్దున్నించీ చూస్తున్నా, కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నావు."

తాళాలమ్మ కూర్చుంది. తన లాడ్జి వరండాలో కుర్చీలో కూర్చోవడం ఆమెకదే మొదటిసారి. అక్కణ్నుంచి నది ఇంత బాగా కనిపిస్తుందని తెలియదు. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లకు మాత్రం వర్ణించి వర్ణించి చెప్పేది.

ఆ తర్వాత ఆపరేటరమ్మ రోజు మార్చి రోజు సముద్రానికి వెళ్లేది. వెళ్లని రోజున ఇద్దరూ కలిసి దుప్పట్లు మడతపెట్టేవాళ్లు, చెరో కొసా పట్టుకుని. ఒక్కతే మడతపెట్టుకునే దుప్పటికీ ఇద్దరు మడతపెట్టే దుప్పటికీ ఎంత తేడానో! అయిదో రోజు తాళాలమ్మ నోటి నుంచి "అక్కా, ఆ కొస వదిలెయ్" అని వచ్చేసింది. అనేసి నాలుక కరుచుకుంది. ఆపరేటరమ్మ విననట్టే ఊరుకుందిగానీ, ఆ పూట టీ రెండు కప్పులు ఎక్కువ తాగింది.

ఎనిమిదో రోజు సాయంత్రం ఆమె సముద్రం దగ్గర్నుంచి వార్త మోసుకొచ్చింది. వాటా దొరికింది. వలలమ్మే కొట్టు మీద ఒక గది, చిన్న వంటిల్లు, కిటికీ తెరిస్తే నీళ్లే.

"రేపు పొద్దున ఏడింటికల్లా వచ్చి మాట ఇవ్వాలన్నాడు ఆ ఇంటాయన. ఎనిమిదింటికి ఊరెళ్తాడట. ఇంకో ఇద్దరు కాసుక్కూర్చున్నారు. మొదటి బస్సుకే వెళ్లాలి. లేపుతావుగా?"

"ఎందుకు లేపనూ, నా పనే అది" అంది తాళాలమ్మ.

వెళ్లొద్దు అనాలని ఉంది. ఇక్కడే ఉండు అక్కా, నాలుగో గది నీదే, సముద్రం చూడాలనిపించినప్పుడల్లా బస్సుంది కదా అనాలని ఉంది. కానీ గదులు అద్దెకిచ్చే మనిషి ఉండిపొమ్మంటే ఎలా ఉంటుంది? బేరంలా ఉంటుంది. ఇన్నేళ్లుగా "ఇంకో రోజు ఉండకూడదూ" అని ఎంతమందితో అందో లెక్కలేదు. అలవాటుగా అంది, వ్యాపారానికి అంది. ఇప్పుడు మనసులోంచి అనాల్సి వచ్చేసరికి ఆ మాట అరిగిపోయి ఉంది.

తెల్లవారి అయిదుకు ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరింది. ఒకటో తలుపు కొట్టింది. రెండు కొట్టింది. మూడు కొట్టింది. నాలుగో గది ముందు ఆగింది. చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే దించుకుని, అడుగులో అడుగేసుకుంటూ అయిదో గదికి వెళ్లిపోయింది.

బస్సు అయిదున్నరకు వచ్చి వెళ్లిపోయింది. ఆ హారన్ ఇంత గట్టిగా మోగుతుందని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు.

ఆపరేటరమ్మ ఆరున్నరకు బయటికొచ్చింది.

"నిద్రపట్టేసింది అక్కా, మర్చేపోయాను" అంది తాళాలమ్మ నేల చూపులు చూస్తూ.

"పోనీలే" అంది ఆవిడ. తొమ్మిది బస్సుకు వెళ్లి, మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. ఆ ఇంటాయన వాటా ఇంకెవరికో ఇచ్చేసి వెళ్లాడట. ఆ మాట కూడా మామూలుగానే చెప్పింది, వాన పడలేదన్నంత మామూలుగా.

పగలంతా తాళాలమ్మకు అదే ఆలోచన. తాను చేసిన పని వల్ల ఆ మనిషి మళ్లీ సోఫా మీదికి వెళ్లాలి. తన ఒంటరితనం తీర్చుకోవడానికి ఇంకొకరి కిటికీ మూసేసింది. సాయంత్రం వరండాలో టీ పెట్టి, ఇక ఉగ్గబట్టుకోలేక చెప్పేసింది.

"నిద్రపట్టలేదు అక్కా. కావాలనే కొట్టలేదు."

"తెలుసు" అంది ఆపరేటరమ్మ.

"తెలుసా?"

"ముప్ఫయ్యేళ్లు ఊరందర్నీ నేనే లేపాను. అప్పట్లో పొద్దున్నే లేవాల్సినవాళ్లు ఎక్స్చేంజిలో టైము చెప్పి పడుకునేవాళ్లు. డాక్టరుకి నాలుగు, రైలుకెళ్లేవాడికి నాలుగున్నర, పరీక్షల పిల్లలకి అయిదు. ఫోన్ చేసి, లేవండి, టైమైంది అనేదాన్ని. నాలుగు దాటి నేను నిద్రపోవడమన్నది లేదు. ఇక్కడా అంతే. లేచి, స్నానం చేసి, చీర కట్టుకుని, మళ్లీ మంచమెక్కి కళ్లు మూసుకుని పడుకునేదాన్ని."

"ఎందుకూ?"

"నువ్వొచ్చి లేపుతావని. నన్నెవరూ లేపలేదమ్మా, పుట్టి బుద్ధెరిగాక."

తాళాలమ్మ చేతిలోని ఫ్లాస్కు కింద పెట్టింది.

"ఇవాళా మెలకువగానే ఉన్నా. నీ అడుగులు విన్నాను, ఆగడం విన్నాను. తాళాలు గలగలమనకుండా గుత్తి గుప్పిట్లో పట్టుకున్నావే, అదీ విన్నాను. తలుపు కొడితే వెళ్దామనుకున్నా. వెళ్లొద్దంటే ఉండిపోదామనుకున్నా. నువ్వు రెండూ చెయ్యలేదు. అలాగే పడుకుని బస్సుని పోనిచ్చాను. సరే, మధ్యాహ్నమైనా ఉండమంటావేమో అని చూశాను."

అని ఆమె కప్పు కింద పెట్టి, తాళాలమ్మ మొహంలోకి చూసింది. అంతకంటే ఎవరైనా ఎలా అడుగుతారు?

చేసిన తప్పు ఒకవైపు, అబద్ధమాడిన నోటితోనే ఉండమని అడగాల్సి రావడం ఒకవైపు. "తప్పైపోయింది అక్కా" అంది తాళాలమ్మ.

"తప్పు సంగతి కాదు నేనడిగేది" అంది ఆపరేటరమ్మ. నది మీద వెలుతురు పోయేదాకా చూసింది. తర్వాత లేచి, "రేపు మొదటి బస్సుకి ఊరెళ్లిపోతా. ఒడ్డున దిగి అక్కణ్నుంచి రైలు పట్టుకుంటాను. అయిదుకి లేపు" అని గదిలోకి వెళ్లింది.

తెల్లవారి అయిదు. తాళాలమ్మ ముందుగా నాలుగో గది దగ్గరికే వెళ్లింది. రాత్రంతా ఆ మాట కూడదీసుకుంటూనే ఉంది. తలుపు మీద రెండుసార్లు కొట్టింది. లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపుదాకా వచ్చి ఆగాయి. గడియ తియ్యలేదు. అవతల ఆ మనిషి, ఇవతల ఈ మనిషి, మధ్య ఒక చెక్క.

"మేడమ్‌గారూ, అయిదైంది, లేవండి. బస్సుకి టైమైంది" అంది తాళాలమ్మ.

పద్దెనిమిదేళ్ల అలవాటు, నోరు జారి వచ్చేసింది. ఒక క్షణం తర్వాత గడియ తీసిన చప్పుడైంది. ఆపరేటరమ్మ చీర కట్టుకుని, సంచి భుజాన వేసుకుని ఉంది. టీ తాగింది, బాగుందంది. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగి చూసింది. కండక్టర్ తొందరపెట్టాడు. బస్సు అడవి మలుపు తిరిగిపోయింది.

మిగతావాళ్లూ అదే బస్సులో వెళ్లారు. తాళాలమ్మ నాలుగో గదిలోకి వచ్చింది. దుప్పటి మడతపెట్టే ఉంది, ఒక్కరే పెట్టిన మడత. మంచం కింద వంగి చూసింది. తలుపు వెనక చూసింది, స్నానాలగదిలో చూసింది. సబ్బు తీసుకెళ్లిపోయింది. దువ్వెన లేదు, పిన్ను లేదు, కాగితం ముక్క కూడా లేదు. ఎవరైనా ఏదో ఒకటి మర్చిపోతారు. ఈవిడ ఏమీ మర్చిపోలేదు.

తాళాలమ్మ మంచం అంచున కూర్చుని, తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తూ పైకే అంది. "వెళ్లకు అక్కా. ఇక్కడే ఉండిపో."

ఎక్కడా తడబడలేదు. బేరంలా కూడా లేదు.