ఏటి అంటే ఏరు కాదు

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో జెరాక్స్ కొట్టు నడిపే కుసుమకుమారికి కోపం వస్తే పాసింజరు బండి కూడా కూత పెట్టకుండా మెల్లగా జారుకుంటుందని ఊళ్లో అంటారు. ఆ వారమంతా ఒక్క బండీ కూత పెట్టలేదు.

ముప్పై ఏళ్లుగా ఆమె పని ఒక్కటే, జనం నోటితో చెప్పింది కాగితం మీదకు ఎక్కించడం. మొదట టైపు మిషను, తరవాత కంప్యూటరు. "కరెంటు స్తంభం ఒరిగిపోనాది, ఏటి సేత్తారో సేయండి" అని రైతు అంటే, "విద్యుత్ స్తంభం ఒరిగియున్నది, తగు చర్య తీసుకొనగలరు" అని కొట్టేది. చిన్నప్పుడు బళ్లో యాసకు బెత్తం దెబ్బలు తిన్న మనిషి. తన కొట్టు దాటి 'ఏమిటి'కి బదులు ఒక్క 'ఏటి' కూడా ఆఫీసు మెట్లు ఎక్కలేదని ఆమెకు గర్వం.

హైస్కూలు కంప్యూటర్ టీచరు యమున ఆమె నెత్తిన కొత్త పని పెట్టింది. మనిషిలా జవాబు చెప్పే భాషా మోడల్ ఒకటి నెట్‌లో ఉచితంగా ఉంది. ఎవరైనా దించుకోవచ్చు, తమకు కావలసినట్టు నేర్పుకోవచ్చు. ఊరివాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పేలా దాన్ని తయారుచేయాలి. దాని బరువు ఒక్క కంప్యూటరు మోయలేదు. అందుకని స్కూలువి రెండు, కొట్టుది ఒకటి, రైసు మిల్లు గణపతిరావుది ఒకటి, ఎక్కడివక్కడే ఉంచి నెట్‌తో కాడి కట్టారు. మిల్లుదే పెద్దెద్దు. అది లేకపోతే మిగతా మూడూ కలిసి 'నమస్కారం' అనేలోపు అరసవల్లి వెళ్లి దర్శనం చేసుకు రావచ్చు. నేర్పడానికి వాక్యాలు కావాలంటే కుసుమకుమారి తన దగ్గర పేరుకున్న అర్జీలన్నీ పేర్లు తీసేసి ఇచ్చింది.

దానితో మాట్లాడేందుకు కొట్టులో ఒక ఫోన్ పెట్టారు; మొదటిరోజే దేముడమ్మ వచ్చింది. ఆమె ఎకరన్నర వరికి సుడిదోమ పురుగు తగిలింది. ఫోన్‌లోకి వంగి, "వరికి దోమ పట్టినాది. ఏటి కొట్టాల?" అని అడిగింది.

"ఏటి గట్టు కొట్టుట నేరము. తగు అనుమతి పొందవలెను" అంది యంత్రం.

"ఓలమ్మో, నానే గట్టూ కొట్టనేదు!" అని దేముడమ్మ చెప్పులు వెతుక్కుంది.

వరసకు కుసుమకుమారికి బావైన గణపతిరావు అక్కడే ఉన్నాడు. "కుసుమా, మన మాటే తెలీని దానికి నా కంప్యూటరెందుకే? శనారం దాకా సూత్తాను. అప్పటికీ ఇలగే ఉంటే తీగ పీకేత్తాను."

తీగ పీకితే అంతా పోయినట్టే. ఆమె మర్నాడే రికార్డరు పెట్టుకుని ఊరివాళ్లను పిలిచింది. వచ్చినవాళ్లంతా మైకు చూడగానే గొంతు సవరించుకుని వార్తలు చదివినట్టు మాట్లాడారు. దేముడమ్మ సైతం కొంగు సర్దుకుని, "వరికి దోమ పట్టినది. ఏమి కొట్టవలెను?" అంది.

"'ఏమి' ఏటే! పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా 'ఏమి' అన్నావా?" అని కుసుమకుమారి విసుక్కుంది.

"ఏటి అంటే ఆఫీసోలు నవ్వుతారని నువ్వే కదమ్మా సెప్పినావు! మర్సిపోనావేటి?"

నిజమే, అన్నది కుసుమకుమారే. ముప్పై ఏళ్లు ఊరి నోరు దిద్దింది తనే. అది తెలిశాక కోపం తగ్గాలి కదా? ఎవరిమీద చూపించాలో తెలియక రెట్టింపైంది.

సరిగ్గా అప్పుడే గణపతిరావు వచ్చాడు. "మిల్లులో కెమెరా బొమ్మలు కదలటం నేదు. నీ చదువులమ్మ నా కంప్యూటరంతా తినేత్తన్నాది!"

"నువ్వు బియ్యంలో నూకలు కలుపుతావు, నానేటైనా అన్నానా బావా?"

"నూకలేటి? ఎవడన్నాడు? ఏటి సూసినావు నువ్వు?"

అరగంట నడిచింది. ముగిసేసరికి దేముడమ్మ రికార్డరు వైపు వేలు చూపించింది. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. కుసుమకుమారి వెనక్కి తిప్పి విని లెక్కపెట్టింది, డెబ్బై మూడు ఏటిలు!

"బావా, ఇది వాడుకోనా?"

"తిట్లతో సహానా?"

"తిట్లే ముందు."

అప్పటినుంచి ఆమె ఎవరినీ మైకులో మాట్లాడమనలేదు. జంటలుగా పిలిచి, ఒప్పుకున్నవాళ్ల చేత దెబ్బలాడించింది. గట్టు తగాదాలు, బస్సులో సీటు పంచాయితీలు, తాతలనాటి మేక సంగతి కూడా బయటకు వచ్చాయి. శుక్రవారమంతా నాలుగు కంప్యూటర్లూ వాటిని నేర్చుకున్నాయి.

శనివారం దేముడమ్మ భయపడుతూనే అడిగింది. "దోమ పట్టినాది. ఏటి కొట్టాల?"

"ఏటి కొట్టాలంటే ముందు ఏటి పట్టిందో సూడాల గదే! దుబ్బు మొదట్లో ఇప్పి సూసినావా? పురుగుంటే బేగి నీరు తీసి మడి ఆరనీ. ఏ మందో వ్యవసాయాఫీసర్ని అడుగు."

"అచ్చం మా అత్తే!" అంటూ దేముడమ్మ మడికి పరుగెత్తింది.

గణపతిరావు ఫోన్ లాక్కున్నాడు. "నా మిల్లు బియ్యం ఎలగుంటాయో సెప్పు సూద్దాం."

"నూకలు ఏరుకుని అడుగు బావా."

"నా కంప్యూటర్లో కూకుని నన్నే తిడతన్నాదేటే!"

"మరయితే తీగ పీకేత్తావా?" అంది కుసుమకుమారి.

"పీకితే ఇంత మాటా పడి ఊరుకున్నట్టు కాదేటి? ఉండనీ" అని కుర్చీ లాక్కుని, మళ్లీ ఫోన్ మీదకు వంగాడు. "ఒసే, ఏటన్నావు?"