రంగు పుయ్యని గొర్రె

ధనుంజయది గొర్రెల కాపరుల ఇల్లు. మార్కాపురంలో ఒక ఆసుపత్రి నెట్‌వర్క్ చూసేవాడు. ఎవరడిగినా ఇలా చెప్పేవాడు: "వార్డుకో దొడ్డి, ఆఫీసుకో దొడ్డి, వాటినే వీలాన్లంటాం. ఏ దొడ్డిదో చెప్పే ట్యాగ్ లేని డేటా, గుర్తుకు రంగు పుయ్యని గొర్రె మాదిరి, ఏ దొడ్లో దూరితే దానిదే. తీగలు కలిపే స్విచ్ పెట్టె నీదేవూరని అడగదు. అట్లాంటిది దూరే దొడ్డి నంబరే నేటివ్ వీలాన్, తీగకు రెండు కొసలా అదే నంబరు పెట్టాల."

ఒకరోజు కాలిపోయిన స్విచ్ మార్చి, వార్డు కొసన నేటివ్ వీలాన్ నంబరు ఇరవై పెట్టాడు. నర్సుల గది కొసన ఒకటో నంబరు అలాగే ఉండిపోయింది. ఒకటో నంబరు ఆఫీసు దొడ్డిది. ఆ వార్డులో రోగి రోశమ్మ మంచం దగ్గరి మానిటర్ పంపిన హెచ్చరిక నర్సులకు చేరకుండా అందులోకి పోయింది. ఆమె చనిపోయింది.

"ఇన్ని మిషన్లు పెట్టినారు గదా నాయనా, ఒక్కరికన్నా తెలియలేదా?" అని ఆమె భర్త ధనుంజయనే అడిగాడు.

విచారణ కాగితంలో సాంకేతిక లోపమని రాశారు, ఎవరి పేరూ లేదు. పేరు లేని ఆ తప్పు నేరుగా వచ్చి ధనుంజయ దొడ్లో దూరింది.