ఫ్యాను తిరగని దుకాణం

గోందు అంటిన వేళ్లతో దేవదాసు పల్చటి టిష్యూ కాయితాన్ని బొమ్మ విమానం రెక్క మీద పరుస్తున్నాడు. ముఖమంతా చెమట. అయిజలో ఫ్యాన్లు బాగుచేసే మనిషి, మే నెల మధ్యాహ్నం, తన దుకాణంలో ఒక్క ఫ్యానూ తిరగనివ్వడు. కాయితం ఎక్కడ ముడత పడ్డా నేరం గాలిదే అంటాడు. ఈ పిచ్చి ఆయన భార్య ఎస్తేరమ్మకు కొత్త కాదు.

"నా ఫ్యాను అయిందంటివి, జర తిప్పి చూపియ్యి," అన్నాడు గిరాకిగా వచ్చిన భీమయ్య, తువ్వాలతో విసురుకుంటూ.

"ముందు ఆ తువ్వాల ఆపు. రెక్క వంకర పోతది."

"మనిషిని ఉడకబెడ్తవా ఏంది?"

"పందిట్ల విమానాలు కట్టిండని మా పెండ్లిల గూడ ఫ్యాన్లు బందేనన్నా," అంది ఎస్తేరమ్మ. "పాస్టరు చెమటలు కక్కుకుంట ప్రార్థన చేసిండు."

భీమయ్య నవ్వాడు. బల్ల దగ్గర కూర్చున్న దేవదాసు మేనకోడలు హెప్సిబా మాత్రం నవ్వలేదు. అలంపూర్ బడిలో పిల్లలకు విమానాలు చేయడం నేర్పే టీచరు ఆమె. బైకు మీంచి పడ్డాక చెయ్యి వణుకుతోంది. ఆ పని ఇంకొకరికి ఇద్దామని బడిలో మాట నడుస్తోంది. రేపు గద్వాల మైదానంలో తన చేత్తో చేసిన విమానం ఎగరేసి చూపకపోతే ఇచ్చేస్తారు.

హెప్సిబా కాయితం పట్టి తన విమానం రెక్క మీద వేసింది. ముడత. చింపి మళ్లీ వేసింది. ముడతే.

"నీ ఫ్యానే, భీమయ్యా," అన్నాడు దేవదాసు, కొక్కేనికి వేలాడుతున్న ఫ్యాను వంక గుర్రుగా చూస్తూ.

"అది తిరిగితే గద."

"తిరగకున్నా దాని బుద్ధి మంచిగ లేదు."

"గాలి ఏడుంది దేవదాసు? ఆ బిడ్డ చెయ్యే..."

మాట పూర్తికాకముందే దేవదాసు లేచి ఆ ఫ్యాను స్విచ్ వేశాడు. ఎస్తేరమ్మ నోరు తెరిచింది. ఆయన ఒక టిష్యూ తీసి భీమయ్య చేతిలో పెట్టాడు. అది పట్టుబడ్డ కోడిలా తపతప కొట్టుకుంది.

"ఇప్పుడు వణికేది ఎవరి చెయ్యి?"

భీమయ్య రెండు చేతులా పట్టబోతే కాయితం చిరిగింది. "గాలే," అని ఒప్పుకున్నాడు.

విమానాలు నేర్చుకోవడానికి వచ్చిన ఒక్కరితోనూ ఈయన 'నీ చెయ్యి మంచిగ లేదు' అనలేదని ఎస్తేరమ్మకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్లూ తిట్లన్నీ ఫ్యాన్లే తిన్నాయి.

ఆయన ఫ్యాను ఆపాడు.

"ఇగ కాయితం పట్టనే పట్ట మామా," అంది హెప్సిబా. "బల్ల మీద పరిచి, రెక్క చట్రానికి గోందు రాసి దాని మీద వాలుస్త."

"గట్ల ఎవ్వరు చెయ్యరు."

"నేను చేస్త."

చట్రం ఒక అంచును బల్లకు ఆనించి మెల్లగా వాల్చింది. వణుకంతా బల్ల తీసుకుంది. అంచులు కోసి, నీళ్లు చిలకరించి, రెక్కను గుండుసూదులతో బల్లకు బిగించింది. ఆరేసరికి కాయితం డప్పులా బిగుసుకుంది.

దేవదాసు గోటితో మీటి చూశాడు. వంక కోసం వెతికాడు, దొరకలేదు. రెక్కను అట్టపెట్టెలో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"గద్వాల పోయినంక చూస్కో. ముడత కనబడితే నాకు ఫోన్ చెయ్యి. అది బస్సు గాలే అయితది, డ్రైవర్‌తోని నేను మాట్లాడ్త."