ముంపు ఊరి బొడ్రాయి

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. నరసరావుపేటలో నాకు జీపుల మరమ్మతు షెడ్డుంది. ఒకసారి ఒకాయన తన బండి హారన్ దానంతటదే మోగుతోందని బంపరుకు నిమ్మకాయలు కట్టుకుని వచ్చాడు. చూస్తే స్టీరింగు కింద వైరు ఒరుసుకుపోయి ఉంది. టేపు చుట్టి పంపించాను. మనుషులు భయపడే ప్రతిదాని వెనకా ఎక్కడో ఒక వైరు తెగి ఉంటుందని నా నమ్మకం. అందుకే ఇది రాయాల్సి రావడం నాకు చిరాగ్గా ఉంది.

మేం ముగ్గురం పదో తరగతి నుంచీ స్నేహితులం. బ్రహ్మం నాపరాళ్ల లారీ నడుపుతాడు. కోటి ఇళ్లకు వైరింగ్ చేస్తాడు. రెండేళ్ల కిందటి ఎండాకాలంలో, నేను సొంతంగా కూర్చుకున్న ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో కృష్ణ ఒడ్డు వెంబడి వెళ్లాం. పులిచింతల ప్రాజెక్టు నీళ్లు తగ్గితే మాచవరం అవతల మైళ్ల కొద్దీ ఒడ్డు బయటపడుతుంది. రోడ్డుండదు, చెట్టుండదు, మనిషుండడు. టెంటు వేసుకుని రెండు రోజులు ఉండి, చేపలు కాల్చుకు తిని రావాలని మా ప్లాను.

చోటు చెప్పింది కోటి. వాడి సొంతూరు ఆ నీళ్లలో మునిగిపోయిన ఊళ్లలో ఒకటి. ఆ ఏడు నీళ్లు బాగా వెనక్కి పోవడంతో పునాదులు, కూలిన గోడలు బయటికి తేలాయి. వాడు జీపు దిగి ఇది మా వసారా, ఇది మా పెదనాన్న వాళ్ల దొడ్డి అని చూపిస్తూ తిరిగాడు.

సాయంత్రం నీళ్ల అంచుకు పోనిచ్చి జీపును బురదలో దింపాను. తప్పు నాదే. ముందు బంపరుకు వించి ఉంది. దాని ఇనుప తాడు ఏ చెట్టుకో కట్టి లాక్కుంటే బండి బయటికొస్తుంది. చెట్టు లేదు కాబట్టి పునాదుల మధ్య నేలలో పాతుకుని ఉన్న ఒక రాయికి చుట్టాను. బండి బయటికొచ్చింది. రాయి మాత్రం మొదలంటా కదిలి ఒక పక్కకు పడిపోయింది.

కోటి పరుగెత్తుకొచ్చి ఆ రాయి చూసి అక్కడే నిలబడిపోయాడు. అది వాళ్ల బొడ్రాయి. ఊరు కట్టినప్పుడు నడిమధ్య పాతి పూజలు చేసే రాయి. ముంపు వాళ్లకిచ్చిన కొత్త కాలనీలో వేరే రాయి నిలుపుకున్నారు గానీ పాతదాన్ని పెకలించడానికి పెద్దలు ఒప్పుకోలేదట. ముగ్గురం కలిసి ఎత్తబోయాం. అది బెత్తెడు కూడా లేవలేదు.

"బొడ్రాయి మళ్లీ నిలబెట్టిందాకా ఊరోళ్లు పొలిమేర దాటగూడదురా" అన్నాడు కోటి.

"అయితే నువ్వుండు, మేం పోతాంలే" అని నేను నవ్వాను. వాడు నవ్వలేదు. ఆ పూట మాతో సరిగా తినలేదు కూడా.

రాత్రి ఏమీ జరగలేదు. ఇలాంటివి రాసేవాళ్లు అంతా రాత్రి గురించే రాస్తారు. మాకు హాయిగా నిద్ర పట్టింది.

తెల్లవారి ఏడు గంటలప్పుడు బ్రహ్మం పొయ్యిలోకి పుల్లలు ఏరడానికి వెళ్లి ఒక కూలిన గోడ మీద కాలు పెట్టాడు. రక్తపింజరి చీలమండ మీద కరిచింది. పామును ముగ్గురం చూశాం. టెంటూ గిన్నెలూ జీపులో పడేసి, బ్రహ్మాన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, కోటిని నా పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. పిడుగురాళ్ల ఆసుపత్రికి గంట దారి. ఈ పాము విషం సంగతి బ్రహ్మానికి తెలుసు. వాళ్ల లారీ క్లీనరు దానికే పోయాడు.

ఊరి చివర ఒకప్పటి బస్ షెల్టరు గోడ ఒకటి మిగిలి ఉంది. సరిగ్గా దాని పక్కకు రాగానే నాలుగు చక్రాలూ నేలలోకి దిగాయి. లో గేరు వేశాను, చక్రాలన్నీ ఒకేసారి తిరిగేలా డిఫరెన్షియల్ లాక్ చేశాను. ఇంకా దిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అది బురద కాదు, రాయిలాంటి ఎర్రగరప నేల. నేను దిగి గడ్డపారతో పొడిచి చూశాను. రెండు వేళ్ల లోతు కూడా దిగలేదు.

నేను మళ్లీ స్టీరింగు పట్టుకున్నాను, తొయ్యడానికి కోటి దిగాడు. వాడు చెయ్యి వెయ్యకముందే బండి పైకి లేచి ముందుకొచ్చింది. వాడు వచ్చి ఎక్కాడు. మళ్లీ దిగబడింది.

బరువేమోనని టెంటు, నీళ్ల క్యాన్లు, సామాన్ల పెట్టె అన్నీ కింద పారేశాను. కోటి అరవై కిలోలుంటాడు. అదే జీపులో నేను ఎనిమిది సిమెంటు బస్తాలు మోసినవాణ్ణి. వాడు దిగితే బండి లేస్తుంది, ఎక్కితే దిగబడుతుంది. మూడోసారి గోడ దాటి అవతల ఎక్కమని వాణ్ణి ముందు నడవమన్నాను. గోడ దాకా నడిచి ఆగిపోయాడు.

"కాళ్లు రావట్లేదురా సాంబా" అన్నాడు. ముఖమంతా చెమటలు.

విసుక్కుని మళ్లీ ఎక్కించాను. అప్పటికి నలభై నిమిషాలు దాటింది. బ్రహ్మం చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. వాడికి ఇద్దరాడపిల్లలు. వాడు చచ్చిపోతాడని నాకు నిజంగా భయం వేసింది. ఆ భయం కోటి మీద కోపంగా మారింది. వాడి ఊరు, వాడి రాయి, వాడి కాళ్లు అనుకున్నాను.

అప్పుడు కోటి అన్నాడు, "నన్ను దింపేసి నువ్వు పోరా. ముందు వాణ్ణి బతికించు."

నెమ్మదిగా, తడబడకుండా అన్నాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నాకు హమ్మయ్య అనిపించింది. వాడు దిగాడు. తలుపు పడింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. బండి ఆ గరప నేల మీద తారు రోడ్డు మీద పోయినట్టు పోయింది.

బ్రహ్మం బతికాడు. విరుగుడు ఇంజెక్షన్లు, ఆ తర్వాత డయాలసిస్, మొత్తం మూడు వారాలు పట్టింది. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు.

ఆ రోజు మధ్యాహ్నం మాచవరంలో ఒక ట్రాక్టరు మాట్లాడుకుని కోటి కోసం తిరిగి వెళ్లాను. ఫోను సిగ్నలుండదు కాబట్టి వాడు ఎలా ఉన్నాడో తెలియదు. వాడు ఊరి మధ్యలో నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బొడ్రాయి నిటారుగా నిలబడి ఉంది. చుట్టూ మట్టి తొక్కి గట్టి చేసి ఉంది. ఒక్కడే ఎలా ఎత్తాడో ట్రాక్టరు డ్రైవరుకూ అర్థం కాలేదు. కోటి కుడిచేతి గోళ్లు మూడు సగానికి లేచిపోయి ఉన్నాయి. మట్టి తవ్వి ఉంటాడు అనుకున్నాను. వాణ్ణి ఎక్కించుకుని వచ్చేటప్పుడు ట్రాక్టరు ఆ షెల్టరు గోడ దగ్గర క్షణం కూడా ఆగలేదు. వాడు దారంతా నా వైపు చూడలేదు.

బ్రహ్మం ఇంటికొచ్చాక కోటి ఇంటికి వెళ్లాను. వాడి భార్య కూర్చోమనలేదు. నీ మంచితనం వల్ల ఒక ప్రాణం నిలబడిందిరా అన్నాను. వాడు నా ముఖం మీదే అన్నాడు.

"నేను దిగుతానని ఎప్పుడన్నా? తలుపు బట్టుకోని బతిమాలితి గందరా. నువ్వే నా చేతి ఏళ్లు ఒక్కోటి ఊడదీసి నెట్టితివి."

అబద్ధమాడుతున్నావని గట్టిగానే అన్నాను. వాడి భార్య వచ్చి తలుపు మూసేసింది.

నేరుగా బ్రహ్మం దగ్గరికి పోయాను. ఆ రోజు వాడు వెనక సీట్లోనే ఉన్నాడు, స్పృహలోనే ఉన్నాడు. ఏం జరిగిందో అడగబోతే మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"అడగమాకరా. నువ్వు నన్ను బతికించావు. నన్ను ఇంకేం అడగమాక" అన్నాడు.

షెడ్డుకు వచ్చి జీపు ఎడమ తలుపు తెరిచాను. ఆ బండిలో నేను బిగించని బోల్టు లేదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు జానెడు మేర లోపలి నుంచి చీలి ఉంది. ఆ చీలికలో మనిషి గోరు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది.

కోటి ఇప్పుడు వేరే వీధిలో ఉంటున్నాడు. ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోతాడు.

ఆ గట్టి నేలలో బండి ఎందుకు దిగబడిందో, రాయి ఎలా లేచిందో నాకు తెలియదు, తెలియకపోయినా బతకగలను. కానీ నన్ను దింపేసి పొమ్మన్న ఆ మాట నేను నా చెవులారా విన్నాను, అది కోటి గొంతే. వాడు అనకపోతే ఎవరన్నారు? వాడి వేళ్లు నేను ఊడదీసి ఉంటే, ఆ సంగతి నా చేతులకు ఎందుకు గుర్తు లేదు? రెండేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను.