నల్లగా మిగిలిన బండ

పగ తీరిందని మనిషికి ఎలా తెలుస్తుంది? ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు జవాబు దొరకలేదు. గూరోకు తెలిసిందో లేదో, అదీ చెప్పలేను.

నార్వే దక్షిణ తీరంలో, క్రోకవోగ్ రేవు మొదట్లోనే ఆమె ఇల్లు. ఇంటి వెనక నిలువెత్తు బండ. దానికి సున్నం కొట్టి తెల్లగా ఉంచడం తరతరాలుగా ఆ ఇంటి ఆడవాళ్ళ పని. బయటి ఓడలు ఆ తెలుపుకేసి సూటిగా వస్తే, నీళ్ళకింద దాక్కున్న పందివీపు దిబ్బ తప్పిపోతుంది. ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం రాగానే గుర్తులన్నిటికీ తారు పూయమని ఆజ్ఞ వచ్చింది. గూరో తన బండను తనే నల్లగా చేసింది.

ఆ తీరానికి యుద్ధమంటే ఫిరంగులకన్నా ఆకలి. ఇంగ్లీషు ఓడలు సముద్రాన్ని మూసేశాయి. గూరో మొగుడు తారాల్, మరిది ఓస్మున్ చిన్న పడవ వేసుకుని డెన్మార్క్ దాకా పోయి బార్లీ తెస్తుంటే, ఇంటి పొగ కనబడేంత దగ్గరలో ఇంగ్లీషువాళ్ళకు దొరికిపోయారు. అన్నదమ్ములను ఓడలోకి లాగి, బస్తాలు కోసి గింజంతా సముద్రంలో గుమ్మరించారు. చంకలో కూతురు మారిట్‌తో గూరో బండ పక్కన నిలబడి అంతా చూసింది.

ఆ చలికాలం దేవదారు బెరడు దంచి రొట్టె చేసింది. పిల్ల కడుపుకు అది పడలేదు. మంచు కరగకముందే మారిట్ పోయింది. తారాల్ ఇంగ్లండులో, ఖైదీలను కుక్కిన ఓడలోనే పోయాడు. కాస్త ఇంగ్లీషునూ, వదలని దగ్గునూ వెంటబెట్టుకుని ఓస్మున్ ఒక్కడే తిరిగొచ్చాడు.

శాంతి వచ్చింది. తీరమంతా గుర్తులు మళ్ళీ తెల్లబడ్డాయి, గూరో బండ తప్ప. ఒక ఇంటి బండమీద ఇంకొకరు చెయ్యి వెయ్యడం అక్కడ లేదు గనక ఊరు గొణిగి ఊరుకుంది.

"వదినా, సున్నం నేను తెచ్చిస్తాలే," అన్నాడు ఓస్మున్.

"తెచ్చి నీ పొయ్యికి పూసుకో."

"ఓడలొస్తాయే!"

"మనవాళ్ళు కళ్ళు మూసుకుని వస్తారు. ఆ తెలుపు ఎవరికి కావాలో నాకు తెలుసు. నువ్వూ ఆ ఓడలో కుళ్ళావు కదరా, నీకు మంట లేదూ?"

"ఉంది. కానీ ఓడకు దారి చూపే సరంగుని."

"నేను కాదుగా," అంది గూరో.

ఆ ఏడు పంటను మంచు తినేసింది. చలికాలానికని రేవు వర్తకుడు బార్లీకి కబురు పెట్టాడు. అది ఎవరి జెండాకింద వస్తుందో అతన్నెవరూ అడగలేదు.

గాలివాన మధ్యాహ్నం ఒక ఓడ కనబడింది. ఓస్మున్ మనుషులతో పడవవైపు పరుగెడుతూ, కొరడాలా కొడుతున్న వానలోంచి అరిచాడు. "వదినా! నీ కాళ్ళు పట్టుకుంటా! తెల్ల దుప్పటైనా ఆ బండమీద పరుచు!"

గూరో ఇంట్లోకి వెళ్ళింది. పెళ్ళినాటి నారదుప్పటి తెచ్చింది. బండ దగ్గర నిలబడి, జెండా ఆనవాలు పట్టేదాకా ఆగింది. అది ఇంగ్లీషువాళ్ళదని తెలిశాక దుప్పటిని మరింత గట్టిగా చుట్టి చంకలో పెట్టుకుంది. ఒకప్పుడు పిల్లను ఎత్తుకున్న చంక అది.

ఓడ పందివీపు మీదికెక్కి విరిగింది. మనుషులందర్నీ ఓస్మున్ పడవ తెచ్చింది. బస్తాలు పగిలి, రేవు నీళ్ళు గింజతో పచ్చబడ్డాయి. ఆడవాళ్ళు జల్లెడలు పట్టుకుని మోకాటిలోతు నీళ్ళలోకి దిగారు. "మన బార్లీయేనే ఇది! మన పిల్లల బార్లీ!" అని ఎవరో ఏడ్చారు. గూరో విన్నది.

ఓడ విరిగితే బతికినవాళ్ళకు దగ్గరి ఇల్లే నిప్పు చూపాలి, అది ఆ తీరం ఆచారం. ముసలి కెప్టెన్ ఆమె పొయ్యి ముందు వణుకుతూ కూర్చున్నాడు. ఆమె బెరడు రొట్టె చేసి పెట్టింది. అతను కొరికి, మొహం చిట్లించి, ఇదేమిటని అడిగాడు.

"చెప్పు వాడికి," అంది గూరో మరిదితో. "వాళ్ళు సముద్రంలో పారబోసిన గింజకు బదులు మేం తిన్నది ఇదే. నా పిల్ల ఆఖరిముద్ద ఇదే."

ఓస్మున్ చెప్పాడు. ముసలాయన చాలాసేపు మాట్లాడాడు.

"యుద్ధమంతా ఈయన ఫ్రాన్సులో ఖైదీ అట వదినా. ఈ సముద్రానికి రావడం ఇదే మొదలట."

"అయితే ఏం? ఎవడో ఒకడు తినాలిగా."

ముసలాయన తలదించుకుని రొట్టె మొత్తం తిన్నాడు. ముక్క మిగల్చలేదు. గూరో చివరిదాకా చూసి, చేటలో పొడి దులిపినట్టు చేతులు దులుపుకుంది. మొహంలో తృప్తి ఉందా అని ఓస్మున్ వెతికాడు.

వాన వెలిసిన పొద్దున ఓస్మున్ వచ్చేసరికి కెప్టెన్ పొయ్యి పక్కన ఇంకా నిద్రలో ఉన్నాడు. గూరో లేదు. ఆమె పడవా లేదు. వెనక బండ నల్లగానే ఉంది. దానిమీద పెళ్ళినాటి దుప్పటి పరిచి, ఎగిరిపోకుండా అంచులకు రాళ్ళు పెట్టి ఉంది. దానిమీద, రాత్రంతా ఒడ్డున ఏరి మంచినీళ్ళలో కడిగిన బార్లీ, ఎండకు ఆరుతోంది.