అద్దె గదుల కామేశ్వరి గారు

ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు పక్కన ఎవరో కొత్త శ్లాబుకు నీళ్లు పెడుతున్నారు. టోటో రిక్షాలో వెళుతుంటే ఆ తడి సిమెంటు వాసన తగిలి కామేశ్వరి గారు గుర్తొచ్చారు. కడుతున్న ఇల్లు కనబడితే ఆవిడ ఆగకుండా వెళ్లేవారు కాదు. చెప్పులు చేత్తో పట్టుకుని పైదాకా ఎక్కి, వచ్చీరాని బెంగాలీలో మేస్త్రీతో కబుర్లు చెప్పి, చీరకు సున్నం అంటించుకుని దిగి వచ్చేవారు.

పట్టణాల అభివృద్ధి మీద ఆర్థిక సలహాలిచ్చే చిన్న సంస్థ ఆవిడది, కోల్‌కతాలో. నా మొదటి ఉద్యోగం అక్కడే. ఖరగ్‌పూర్‌లో తక్కువ ఆదాయం వాళ్లకు ఇళ్లు ఎలా కట్టాలో చెప్పమని పని వచ్చినప్పుడు, నా సొంత ఊరని నన్ను వెంటబెట్టుకొచ్చారు. ఊరి చివర ఫ్లాట్లు కట్టి వాయిదాల మీద అమ్మాలని అధికారుల ఆలోచన. నాకూ అది బాగానే తోచింది. రిపోర్టు సగం రాసేశాను కూడా.

ఒకరోజు ఆవిడ తాల్‌బగీచాలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. అప్పుడు మా వరండా గదిలో పైడమ్మత్త ఉండేది. మాకు చుట్టం కాదు, పాత రైల్వే క్వార్టర్లలో పక్కింటామె. భర్త వర్క్‌షాపులో రిటైరయ్యాక క్వార్టరు వదిలేశారు. ఆయనా పోయాక, ఒంటరి ముసలామెకు గది అద్దెకివ్వడానికి ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు. అమ్మే తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకుంది.

కామేశ్వరి గారు ఆమె పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. "ఫ్లాటు ఇస్తే వెళతారా అమ్మా?"

"సొంతిల్లు నాకేటికమ్మా? నానెన్నాళ్లుంతాను? ఓ గదుండి, ఖాళీ సెయ్యమని ఎవులూ అనకుంతే సాలు."

తిరుగు రైల్లో నేను రాసిన రిపోర్టు తీసి మొదటినుంచీ చదివారు ఆవిడ. చివరికి, "మళ్లీ రాద్దాం," అన్నారు. అద్దె గదుల మీద ఒక అధ్యాయం చేరింది.

సమావేశంలో అధికారికి అది నచ్చలేదు. "అద్దె ఇళ్లను చూసుకునేదెవరు? అమ్మేస్తే గొడవ వదిలిపోతుంది. ఆ అధ్యాయం తీసేయండి."

"అమ్మితే కొనగలిగినవాళ్లే వస్తారండీ," అన్నారు ఆవిడ నెమ్మదిగా. "కొనలేనివాళ్ల కోసమే కదా మమ్మల్ని పిలిచారు?"

తీసెయ్యలేదు. తరవాత వాళ్ల నుంచి మాకు పని రాలేదు. సమావేశం అయిన సాయంత్రం ప్లాట్‌ఫారం మీద నేను దిగులుగా నిలబడితే, ఝాల్‌మురీ మరమరాల పొట్లం చేతిలో పెట్టి, "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదులే. తిను, మెత్తబడిపోతుంది," అన్నారు.

కొన్నాళ్లకు కొత్తగా వచ్చిన అధికారి ఆ రిపోర్టు చదివి, ఊళ్లోనే ఒక భవనం అమ్మకుండా అద్దె గదులకే ఉంచారు. ఒంటరివాళ్లకు లేదనకూడదని నియమం పెట్టారు. కింది అంతస్తులో ఒక గది పైడమ్మత్తకు దొరికింది. కబురు తెలిసి కామేశ్వరి గారు కోల్‌కతా నుంచి వచ్చారు. మేము వెళ్లేసరికి తలుపు తీసే ఉంది. మమ్మల్ని చూడగానే పైడమ్మత్త దాన్ని గబుక్కున మూసేసింది.

"ఇప్పుడు తట్టండమ్మా," అంది లోపల్నుంచి.

కామేశ్వరి గారు చీర సర్దుకుని, మెల్లగా తట్టి, లోపలికి రమ్మనేదాకా బయటే నిలబడ్డారు.

ఆవిడ ఇప్పుడు లేరు. పని మీద నేను ఎన్నో ఇళ్లకు వెళుతుంటాను. రేకుల గదైనా, తలుపు బార్లా తీసి ఉన్నా, తట్టి బయటే నిలబడతాను.